మరిచిపోనివ్వని బరువు

నా చిన్నప్పుడు మా అమ్మ నడుముకి రివాల్వర్ పెట్టుకుని ఉద్యోగానికి వెళ్ళేది. ఈ మాట చెబితే కొందరు నవ్వుతారు, కొందరు కోతలు కోస్తున్నాననుకుంటారు. అమ్మ ఐదడుగులు కూడా లేని మనిషి. ప్రార్థనలో పాట అందుకుంటే పక్కవాళ్ళకి కూడా వినపడదు. అయినా అది నిజం, ఆ నిజం గురించి నాకు గర్వం కాస్త ఎక్కువే.

అప్పుడు మేం పరాయి దేశంలో, డార్విన్ అనే రేవు ఊళ్ళో ఉండేవాళ్ళం. ఎనభైలు ముగిసి తొంభైలు మొదలవుతున్న రోజులు. నాన్న ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవాడు. అమ్మ ఒక సెక్యూరిటీ కంపెనీ ఆఫీసులో ఫోన్లు ఎత్తేది. సముద్రంలో పెంచిన ముత్యాలు రేవుకి వస్తే, వాటిని విమానాశ్రయం దాకా చేర్చడం ఆ కంపెనీ పనుల్లో ఒకటి. యూనిఫాం వేసుకున్న మనిషి పెట్టె పట్టుకుంటే అందరి కళ్ళూ దానిమీదే పడుతున్నాయని, మామూలు బట్టల్లో వెళ్ళే మనిషి కోసం చూశారు. అమ్మ నేను వెళ్తానంది. ఆఫీసులో కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారట. అమ్మ పట్టించుకోలేదు. శిక్షణకి వెళ్ళింది, లైసెన్సు తెచ్చుకుంది.

చొక్కా కింద కనపడకుండా పెట్టుకునే పొట్టి గొట్టం రివాల్వర్లు కంపెనీలో రెండు రకాలుండేవి. ఒకటి అల్యూమినియంది, ఐదు గుళ్ళు పట్టేది, చాలా తేలిక. రెండోది ఉక్కుది, ఆరు గుళ్ళు పట్టేది, బరువు. అమ్మ రెండింటితోనూ బాగానే కాల్చింది. ఏది కావాలో వారంలో చెప్పమన్నారు. తేలికది తీసుకో, నడుముకి ఉన్న సంగతే మరిచిపోతావు అని మేనేజరు సలహా ఇచ్చాడట. నిబంధన మాత్రం ఒకటే. పని అయ్యాక దాన్ని ఆఫీసులో అప్పజెప్పి రావాలి. ఒక్కసారి మరిచిపోయి ఇంటికి తెచ్చినా లైసెన్సు పోతుంది, మళ్ళీ ఫోన్ల దగ్గరికే.

నాన్న కూడా తేలికదే అన్నాడు. ఆ ఉక్కలో చొక్కా బరువే ఎక్కువనిపించే ఊరది. అప్పుడు మా ఇంట్లో తాతయ్య ఉన్నాడు. అమ్మ వాళ్ళ నాన్న. గోదావరి జిల్లాలో ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి, కూతుర్ని చూడడానికి వచ్చాడు. తోలుసంచి మోసి మోసి ఆయన కుడి భుజం కాస్త కిందికి దిగి ఉండేది. అందరూ మాట్లాడడం అయ్యాక ఆయన నోరు విప్పాడు.

"ఆఫీసులో చేత్తో పట్టుకుంటే ఏం తెలుస్తాదే అమ్మాయ్. మోసి చూడు."

నాన్న చేపలు పట్టే సరంజామాలోంచి తాతయ్య సీసపు గుండ్లు తీశాడు. పాత లుంగీ చింపి రెండు సంచులు కుట్టాడు. వంటింటి త్రాసులో తూచి, ఒకదానిలో తేలిక రివాల్వరంత, రెండోదానిలో ఉక్కుదానంత బరువు నింపాడు. మూడు రోజులు ఒకటి, మూడు రోజులు రెండోది. పొద్దున ఆఫీసుకి వెళ్ళేటప్పుడు నడుముకి కట్టుకోవాలి, సాయంత్రం గుమ్మంలోనే విప్పి బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. ఆ డబ్బానే ఆఫీసు బీరువా అనుకోమన్నాడు.

తేలిక సంచితో అమ్మ హాయిగా తిరిగింది. మూడో రోజు బుధవారం, మా ఇంట్లోనే ప్రార్థన కూటం. తెలుగు కుటుంబాలు నాలుగైదు వచ్చాయి. అమ్మ హడావిడిగా వచ్చి, టీలు ఇచ్చి, చాప మీద కూర్చుంది. తాతయ్య నన్ను దగ్గరికి పిలిచి, పోయి అమ్మ ఒళ్ళో కూర్చో అని చెవిలో చెప్పాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, ఒళ్ళో కూర్చునే వయసు దాటింది. అయినా వెళ్ళాను. కాసేపటికి నడుము దగ్గర గట్టిగా ఏదో తగిలింది. చొక్కా కింద చెయ్యి పెట్టి బయటికి లాగాను.

"మమ్మీ, వాట్స్ దిస్?"

గదిలో పాట ఆగింది. అమ్మ నా చేతిలోని సంచిని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ ముఖం నాకింకా గుర్తుంది. సంచి లాక్కోలేదు, నన్ను తిట్టలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. తాతయ్య గుమ్మంలోని బిస్కెట్ల డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆయనకి ముందే తెలుసని అప్పుడు మాకు అర్థమైంది. అమ్మ సంచి విప్పకుండా ఇంట్లోకి వచ్చినప్పుడే చూశాడు, కావాలనే ఊరుకున్నాడు. అందరూ వెళ్ళాక అమ్మ ఏడ్చింది.

"సీసం కాబట్టి సరిపోయింది నాన్నా."

"అందుకేగా సీసంతో చూసుకున్నాం," అన్నాడు తాతయ్య.

గురువారం నుంచి బరువు సంచి. పాపం అమ్మ నడుము ఒరిసి ఎర్రబడింది. బస్సులో కూర్చున్నా, వంగినా, మెట్లెక్కినా అది నేనున్నానని చెబుతూనే ఉండేది. సాయంత్రం గుమ్మంలో చెప్పులకంటే ముందు అదే విప్పేది, ఒక్కరోజు కూడా తప్పలేదు. శనివారం రాగానే తాతయ్యకి చెప్పేసింది. నాకు నొప్పి పెట్టేదే కావాలి అని. సోమవారం ఆఫీసులో ఉక్కుది తీసుకుంది. తేలికదైతే ఉన్న సంగతే మరిచిపోవచ్చు కదా అన్న మేనేజరుకి, అందుకే నాకది వద్దని చెప్పిందట.

పదకొండేళ్ళు ఆ పని చేసింది మా అమ్మ. ఒక్కసారి కూడా దాన్ని ఎవరిమీదా ఎత్తలేదు, ఒక్కసారి కూడా ఇంటికి తేలేదు. మొదట్లో నవ్వినవాళ్ళలో ఇద్దరికి తర్వాత ఆమే పని నేర్పింది. స్కూల్లో మీ అమ్మ ఏం చేస్తుందని ఎవరడిగినా నేను కాస్త గట్టిగానే చెప్పేదాన్ని.

ఇప్పుడు నేను మెల్‌బోర్న్‌లో నర్సుని. ఊరి శివార్లలో వెర్రిబీ అనే చోట ఉంటాం. నా షిఫ్టులో మత్తుమందుల బీరువా తాళాలు నా దగ్గరే ఉంటాయి. వాటిని జేబులో పెట్టుకుని మరిచిపోయి ఇంటికి పోయినవాళ్ళు, సగం దారిలోంచి వెనక్కి పరుగెత్తుకొచ్చినవాళ్ళు మా వార్డులో చాలామందే ఉన్నారు. నా తాళాలకి మాత్రం లుంగీ గుడ్డతో కుట్టిన ఒక చిన్న సంచి వేలాడుతుంది. తాతయ్య కుట్టిన సంచి గుడ్డే, అందులో నాన్న సీసపు గుండ్లు రెండు. ఇంత బరువెందుకు ఆంటీ అని కొత్తగా చేరిన నర్సు పిల్లలు అడుగుతుంటారు. నేను వాళ్ళ చేతిలో పెట్టి, ఒక్క షిఫ్టు మోసి చూడమంటాను.