వందమంది బిడ్డల తండ్రి

లూదియాకు కోపం వస్తే మాట పెగలదు. చేతిరాత మాత్రం ఇంకా గుండ్రంగా వస్తుంది. నంద్యాలలో ఆమె తెలుగు చెప్పే ప్రైవేటు బడి పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు. బోర్డు మీద అక్షరాలు మరీ ముత్యాల్లా వచ్చిన రోజు వెనక బెంచీ కూడా కిక్కురుమనదు.

ఆ చేతిరాతే ఆమెను ఆళ్లగడ్డ దాకా తీసుకుపోయింది. రెండేళ్ల కిందట నాయన జ్ఞానప్రకాశం పోతే, సమాధి రాయి కోసం అక్కడి శిల్పి కిరణ్ షెడ్డుకు వెళ్లింది. దేవుళ్ల ముక్కూ మూతీ తీర్చడంలో కిరణ్‌కు తిరుగులేదు గానీ, అక్షరాలు రాస్తే కోడి గీకినట్టుండేవి. లూదియా కుంచె లాక్కుని నల్లరాయి మీద తెల్లరంగుతో తానే రాసింది. ఆ గీత వెంట అతను ఉలి నడిపాడు. "మంచిమాట ఒకటి రాయవా?" అని అతనడిగితే, చాలాసేపు ఆలోచించి 'కష్టజీవి' అని రాసింది. నాయన గురించి అబద్ధం కాని మంచిమాట ఆమెకు అదొక్కటే దొరికింది.

అప్పటి నుంచి సమాధి రాయి వచ్చినప్పుడల్లా కిరణ్ ఫోన్ చేస్తాడు. ఆదివారం ఆరాధన కాగానే ఆమె బస్సెక్కుతుంది. రోడ్డు పక్కనున్న ఆ షెడ్డు మూడు వైపులా తెరిచే ఉంటుంది. వెనక పనిముట్ల గది ఒక్కదానికే రేకు తలుపు. మొదటి రోజు దానికి గడియ పెట్టి ఉంది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా బార్లా తెరిచి గోడకు ఆనించి ఉండేది. అయినా లూదియా ఆ గదికి వీపు పెట్టి కూర్చోదు, దాని దగ్గరికీ పోదు.

మూడు నెలల కిందట కిరణ్, "పెండ్లి చేసుకుందాం, మా ఇంటికి వచ్చెయ్" అన్నాడు. ఆమెకు ఇష్టమే. కానీ ఇల్లన్నాక గదులుంటాయి, గదులన్నాక గడియలుంటాయి. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఇంతవరకు జవాబివ్వలేదు.

ఈ ఆదివారం కిరణ్ ఆమె చేతిలో ఒక చీటీ పెట్టాడు. 'జయరాజు. వందమంది బిడ్డల తండ్రి.' కింద తేదీలు.

"హాస్టల్ వార్డెనంట. పోయినేడు చనిపోయినాడు. వాళ్లామె నాలుగింటికొచ్చి చూస్తాదంట. సరేనంటే చెక్కేది మొదలుపెడతా," అన్నాడు కిరణ్. అతనికేం తెలుసు పాపం.

తల్లి లేని పిల్లను ఇంట్లో ఉంచలేక, నాయన కూలికి పోతూ లూదియాను ఆ జయరాజు హాస్టల్లోనే వదిలాడు. తొమ్మిదేళ్లప్పుడు, సాయంత్రం ప్రార్థనలో నవ్విందని జయరాజు ఆమెను ధాన్యం నిల్వచేసే గింజల గదిలో వేయించాడు. ఒక పూట కాదు, రెండు రోజులు. గడియ పెట్టిన చెయ్యి అతని భార్య విజయమ్మది. తలుపవతల ఆమె గాజుల చప్పుడు వినిపించేది. "తలుపు తీయండమ్మగారూ" అంటే ఆ చప్పుడు ఆగేది. తీస్తుందేమోనని లూదియా ఊపిరి బిగబట్టేది. గాజులు మళ్లీ గలగలమంటూ దూరమయ్యేవి. జయరాజునైనా ఎప్పటికైనా క్షమించేదేమో గానీ, ఆ ఆగిన చప్పుడును ఆమె క్షమించలేకపోయింది. సెలవులకు ఇంటికొచ్చి నాయనకు చెబితే, "సారు దేవుని మనిషి, నోర్ముయ్" అన్నాడు.

దేవుని మనిషట. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా? బతికున్నన్నాళ్లూ పిల్లల పాలిట యముడు, పోయి ఏడాది తిరిగేసరికి వందమందికి తండ్రి. పైగా ఆ వందమందిలో ఒకతె చేతికే కుంచె ఇచ్చి ఆ మాట రాయమనడం.

ఆమె పేరు రాసింది. తేదీలు రాసింది. కుంచె కింద పెట్టింది.

"మిగతాది రాయను. అది అబద్ధం. నువ్వే రాసి చెక్కుకుంటే నీ ఇష్టం, మళ్లీ నేను ఈడికి రాను."

కిరణ్ రాయి వంక చూశాడు. అక్షరాలు ఎన్నడూ లేనంత గుండ్రంగా ఉన్నాయి. ఉలి పక్కన పెట్టేశాడు.

నాలుగింటికి విజయమ్మ ఆటో దిగింది. నడుం వంగిపోయింది, చేతులు బోసిగా ఉన్నాయి. రాయి చుట్టూ తిరిగి చూసి, "కిందిమాట యాడుంది?" అంది.

"నేనే రాయలేదు. జ్ఞానప్రకాశం కూతుర్ని, లూదియాను. గింజల గది గుర్తుందా?"

విజయమ్మకు గుర్తుంది. చూపు తిప్పుకోవడంలోనే తెలిసిపోయింది. కానీ నోరు తగ్గలేదు.

"పిల్లలన్నాక భయం పెట్టకుంటే వింటారా? చదువుకొని టీచరమ్మవు కాలేదా నువ్వు? రెండు దినాలు గదిలో కూచుంటే ఏం తక్కువైంది నీకి? తిన్న ఇంటికి చేసేది ఇదేనా?"

ఇరవై నాలుగేళ్లుగా గొంతుకు అడ్డంపడిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఏం తక్కువైందా? ఈ పొద్దుకూ నా ఇంట్లో తలుపు మూసుకోను. నీళ్లు పోసుకునేటప్పుడు గూడా గడియ పెట్టలేను. నచ్చిన మనిషి ఇంటికి రమ్మంటే జవాబు చెప్పలేక మూడు నెలల నుంచి చస్తాండా. అదీ తక్కువైంది." కిరణ్ ఎదుటే అనేసింది. సిగ్గు కూడా వేయలేదు. "ఇదో, ఆ రేకు గది. రెండు దినాలొద్దు, అయిదు నిమిషాలు కూచో. బయటికొచ్చి ఏమీ కాలేదను. నువ్వడిగిన మాట నా చేత్తోనే రాస్తా."

విజయమ్మ పంతం గల మనిషి. "అంతేగదా" అని కొంగు దోపుకుని లోపలికి పోయింది. కిరణ్ అడ్డం రాబోయి ఆగిపోయాడు. లూదియా తలుపును గోడ నుంచి లాగి మూసింది. గడియ కోసం చెయ్యి పోయింది. గడియ లేదు. అది ఉండాల్సిన చోట నాలుగు మేకుల చిల్లులున్నాయి. చేసేది లేక రేకు మీద అరచెయ్యి ఒత్తిపట్టి నిలబడింది.

అయిదు నిమిషాలు కాదు, ఒక్కటి కూడా కాలేదు. లోపల ఏదో ఇనుప సామాను కిందపడింది. తర్వాత సన్నగా గొంతు వినిపించింది.

"తలుపు తీయమ్మా. ఊపిరాడ్డంలేదు. తీయి తల్లీ."

రేకుకు తగిలి చిన్నగా గాజులు మోగాయి, ఆగాయి. ఆ చప్పుడు లూదియాకు తెలుసు. ఈసారి అది తన చేతి నుంచి వచ్చింది.

చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కుంది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

విజయమ్మ ఒళ్లంతా చెమటతో వచ్చి రాతి దిమ్మె మీద కూలబడింది. కిరణ్ ఇచ్చిన నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టి, "పేరూ తేదీలు చాలు" అంది. క్షమించమని ఆమె అడగలేదు, క్షమించానని లూదియా అనలేదు. విజయమ్మ వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది.

చల్లారని కోపం ఇప్పుడు కిరణ్ మీదికి తిరిగింది.

"గడియ ఏమైంది?"

"పీకేసినా."

"ఎప్పుడు?"

"నువ్వొచ్చిన రెండో ఆదివారం. మొదటి దినం మీ నాయన రాయి రాస్తా రాస్తా దాన్నే చూస్తాంటివి."

"రెండేండ్లు నాతో ఒక్క మాటన్నా చెప్పకపోతివే."

"నువ్వు చెప్పేదాక నేనేం చెప్పేది?" కిరణ్ ఉలి అందుకున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "ఇంట్లో నాలుగుండాయి. అవి గూడా పీకాల్నా?"

లూదియా కుంచె కడిగి, తడి తుడిచి, డబ్బా మీద అడ్డంగా పెట్టింది.

"వీధి తలుపుది ఉండనీ," అంది. "అది మనం లోపలి నుంచి పెట్టుకునేది."