టమాటా లారీలో వచ్చిన పేషెంటు

1978లో నేను బెంగళూరులో, హోసూరు రోడ్డుకు దగ్గర్లో ఉన్న ఒక మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. క్యాజువాలిటీలో డ్యూటీ. ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్లను, ఉన్నట్టుండి ప్రాణం మీదికి వచ్చినవాళ్లను మొదట చూసే గది అది. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన నాకు అప్పటికి కన్నడం మాట్లాడటం వచ్చేసింది. కోపం మాత్రం ఇంకా తెలుగులోనే వచ్చేది.

అదే రోడ్డు మీద ఉన్న మడివాళ వైపు నుంచి మాకు ప్రమాదాల కేసులు ఎక్కువ. వాళ్లను ఎవరు తెచ్చారో చాలాసార్లు తెలిసేదే కాదు. గేటు దగ్గర బండి ఆగేది, మనిషిని దించేవాళ్లు, మేం స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్లేలోపు బండి మాయం. లారీలవాళ్లయితే అసలు ఆగేవాళ్లే తక్కువ. వాళ్ల భయం మాకు తెలియనిది కాదు. రోడ్డు ప్రమాదమంటే ఎం.ఎల్.సి., అంటే పోలీసులకు తప్పనిసరిగా తెలియజేయాల్సిన కేసు. తెచ్చినవాడే గుద్ది ఉంటాడని అనుకోవడం అప్పట్లో అందరికీ అలవాటు.

ఆ రోజు భోజనాల వేళకు కాస్త ముందు ఒక టమాటా లారీ గేటు దాటి నేరుగా మా మెట్ల దాకా వచ్చేసింది. వాచ్‌మన్ అరుస్తూ వెనక పరిగెత్తుకొస్తున్నాడు. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. తన పక్క సీటు మీద పడుకోబెట్టిన మనిషిని మాతో పాటు పట్టుకుని దించాడు, స్ట్రెచర్ వెంట లోపలికి కూడా వచ్చాడు.

పేషెంటుకు నలభై ఏళ్లుంటాయి. స్పృహ లేదు. ఒంటి మీద పెద్ద గాయాలేమీ లేవు. చెవి పైన వాపు, తలకు చుట్టిన పాత చీర పేలిక, అంతే. నేను టార్చి వేసి కళ్లు చూశాను. ఒక కంటిపాప మామూలుగా ఉంది, రెండోది పెద్దదై వెలుగుకు కదలడం లేదు. సర్జన్ వచ్చి చూసి, డ్రైవరు వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడగబోయి ఆగారు. నేను తెలుగులో అడిగాను.

"దెబ్బ తగిలినప్పటి నుంచీ ఇలాగే ఉన్నాడా?"

"లేదు సిస్టరమ్మా, బాగా మాట్లాడినాడు. పేరు శ్రీనివాసులంట. నగర్తపేటలో ఇత్తడి సామాన్ల వర్క్‌షాపు ఉండాది అన్నాడు. స్కూటర్ లైటు పగిలిందేమో చూడప్పా అని నన్నే అడిగినాడు. దోవంతా మాట్లాడిస్తానే వచ్చినా. కొంచేపటికి అదే మాట మళ్లా అడిగినాడు. ఆమీట నాలిక మందమైపోయింది. మీ గేటు కనపడేతలికి పలకనే లేదు."

నేను ఆ మాటలు సర్జన్‌కు చెబుతుండగానే ఆయన చేతులు కడుక్కోవడానికి బయల్దేరారు. ఇలా మధ్యలో బాగున్నట్టు కనిపించే కాసేపటిని లూసిడ్ ఇంటర్వెల్ అంటారు. తలకు దెబ్బ తగిలిన మనిషి కాసేపు మామూలుగానే మాట్లాడతాడు. ఈలోపు పుర్రె లోపల రక్తం చేరి మెదడును నొక్కుతూ ఉంటుంది. మాట తడబడి, స్పృహ తప్పితే ఇక ఎక్కువ సమయం ఉండదు. పుర్రెకు చిన్న రంధ్రం వేసి, ఆ రక్తాన్ని బయటకు తీయాలి. బర్ హోల్ అంటారు. తల లోపల చూడటానికి అప్పుడు మా దగ్గర స్కాన్లు లేవు. కంటిపాప ఒక సాక్ష్యం. దారిపొడవునా ఆ డ్రైవరు విన్నది రెండో సాక్ష్యం.

ఆపరేషన్ ముగిసి నేను బయటకు వచ్చేసరికి లారీ తాళాలు ఆసుపత్రిలోని పోలీసు ఔట్‌పోస్టు హెడ్ కానిస్టేబుల్ చేతిలో ఉన్నాయి. డ్రైవరు ఆయన బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. పేరు నరసింహప్ప, ఊరు కాడుగోడి.

"గుద్దకపోతే తెచ్చేవాడా, సిస్టర్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ కన్నడంలో. ఆయన దుర్మార్గుడేమీ కాదు. ఎన్నో కేసులు చూసిన మనిషి, ఇదీ అలాంటిదే అనుకున్నాడు.

"రక్తం తీసేశారు. ఊపిరి బాగుంది," అని నరసింహప్పకు చెప్పాను. అతను కళ్లు మూసుకుని తల గోడకు ఆనించాడు. అప్పుడు అడిగాను, "ఆగితే ఇలా అవుతుందని తెలియదా మీకు?"

"తెలీకేం సిస్టరమ్మా! దోవలో ఎవురు పడినా నిలపొద్దని బండి ఇచ్చేటప్పుడే మా ఓనరు చెప్పినాడు. ఆ కారోడు స్కూటర్‌ను కొట్టేసి పోయినాడు. నేనూ దాటుకోని పోయినా. అద్దంలో చూస్తే ఆయప్ప లేచి కూర్చునేదానికి చూస్తా ఉండాడు. కదలకుండా పడింటే పోయేవాణ్ణేమో, చెప్పలేను. లేచేదానికి చూస్తా ఉండే మనిషిని ఇడిసిపెట్టి ఎట్ల పోయేది?"

శ్రీనివాసులు కళ్లు తెరిచి నిజం చెబితే వదిలేస్తానన్నాడు హెడ్ కానిస్టేబుల్. ఆ రోజంతా లారీ ఎండలోనే ఉంది. సాయంత్రానికి కింది బుట్టల్లోంచి ఎర్రటి నీళ్లు కారడం మొదలైంది. మా ఆసుపత్రి ఆఫీసు ఫోనులో ఓనరు వేసిన కేకలు పక్కన నిలబడ్డ నాక్కూడా వినిపించాయి. నరసింహప్ప రిసీవరు పెట్టేసి, "పని పోయినట్టే," అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున శ్రీనివాసులు కళ్లు తెరిచాడు. మంచం పక్కన కూర్చున్న భార్యను పేరు పెట్టి పిలిచాడు. హెడ్ కానిస్టేబుల్ వచ్చి, నరసింహప్పను గుమ్మంలో నిలబెట్టి, "నిన్ను గుద్దింది ఎవరు?" అని అడిగాడు.

శ్రీనివాసులు తల మీది కట్టు తడుముకున్నాడు. "మడివాళ దాకా వచ్చింది జ్ఞాపకం ఉండాది. ఆపైన ఏమీ లేదు," అన్నాడు. తర్వాత గుమ్మం వైపు చూసి, "ఎవురప్పా మీరు?" అని అడిగాడు.

తలకు దెబ్బ తగిలినవాళ్లకు ఆ ముందూ వెనకా జరిగినవి చెరిగిపోవడం మామూలే. నాకు తెలుసు. అయినా డ్రైవరుకు ఉన్న ఒక్క సాక్ష్యమూ పోయింది. నరసింహప్ప మాత్రం మెల్లిగా నవ్వాడు. "నేనెవురైతే ఏంలే. నువ్వు మాట్లాడతా ఉండావు, అది చాలు," అన్నాడు.

ఇక దారి లేదనుకుంటుండగా నెత్తిన వేరుశనక్కాయల గంపతో ఒకామె వచ్చింది. పేరు మునెమ్మ, మడివాళ మార్కెట్టు దగ్గర అమ్ముకుంటుంది. ఆ మనిషి బతికాడో లేదో కనుక్కోవడానికి ఆసుపత్రులన్నీ అడుగుతూ వచ్చిందట. తలకు కట్టిన పేలిక ఆమె చీరదే.

"కొట్టింది కారు," అంది మునెమ్మ. "ఈయప్ప లారీ ఎనకాల వస్తా ఉండె. అన్ని బండ్లు పోయినాయి, నిలిపింది ఈయప్ప ఒకడే. లారీలోకి ఎత్తేటప్పుడు నేను ఒక పక్క పట్టుకుంటి."

ఆ మాట స్టేషనుకు వచ్చి చెప్పమన్నాడు హెడ్ కానిస్టేబుల్. మునెమ్మ వెంటనే గంప ఎత్తుకోబోయింది. "నన్నూ కూర్చోపెట్టుకుంటారేమో," అంది నా చెవి దగ్గర.

"నేనూ వస్తాను," అన్నాను. డ్యూటీ దిగి, యూనిఫారం మార్చుకోకుండానే ఆమెతో వెళ్లాను. నా యూనిఫారం చూసో, ఆమె తడుముకోకుండా చెప్పింది వినో, ఇన్‌స్పెక్టర్ ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. సాయంత్రానికి నరసింహప్ప చేతికి తాళాలు వచ్చాయి.

డిశ్చార్జి అయ్యాక శ్రీనివాసులు చేసిన మొదటి పని, ఆపరేషన్‌కు గీసిన గుండు మీద కట్టుతోనే లారీ ఓనరు దగ్గరికి వెళ్లి నిలబడటం. "మీ టమాటాలు పోయినాయంట. ఆ నష్టానికి నేను ఉండాను," అన్నాడట. ఓనరు ఆ కట్టు వైపు చూసి, ముందు కూర్చోమన్నాడట. నరసింహప్ప పని పోలేదు. ఇవన్నీ తర్వాతెప్పుడో ఒక బుట్ట టమాటాలు తెచ్చిచ్చినప్పుడు అతనే నవ్వుతూ చెప్పాడు.

ఆ కేసు తర్వాత నేను మేట్రన్‌తోనూ హెడ్ కానిస్టేబుల్‌తోనూ కూర్చుని ఒక ఏర్పాటుకు ఒప్పించాను. దెబ్బ తగిలినవాళ్లను తెచ్చినవాళ్లకు ముందు కుర్చీ, టీ. చూసింది చెప్పి, పేరూ ఊరూ ఇచ్చి వాళ్లు వెళ్లిపోవచ్చు. గుద్దినట్టు ఆనవాలు కనబడితేనే ఆపాలి. హెడ్ కానిస్టేబుల్ మొదట గొణిగాడు, తర్వాత టీ ఆయనే చెప్పి తెప్పించేవాడు.

కొన్ని నెలలకు ఇంకో లారీ మెట్ల దాకా వచ్చింది. నేనెప్పుడూ చూడని డ్రైవరు ఒక ముసలామెను చేతుల మీద మోసుకొచ్చాడు. ఆమెకు కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదు. "ఈ ఆసుపత్రిలో పట్టి కూర్చోబెట్టరని మా లారీ స్టాండులో చెప్పుకుంటా ఉండారు," అన్నాడు. నేను కుర్చీ చూపించాను. టీ గ్లాసు నేనే తెచ్చి అతని చేతికిచ్చాను.

లారీవాళ్లు ఆగాలా, మనకెందుకని పోవాలా అని నన్ను చాలామంది అడిగారు. ఆగాలనే అంటాను. కానీ ఆ మాట రోడ్డు మీది డ్రైవరుకు ఒక్కడికే చెప్పి ఊరుకుంటే లాభం లేదు. ప్రమాదం జరిగినప్పుడు ఆసుపత్రికి ఇద్దరు వస్తారు, దెబ్బ తగిలినవాడూ, వాణ్ణి మోసుకొచ్చినవాడూ. ఇద్దరినీ చూసుకోవడం నర్సు పనేనని నాకు నేర్పింది ఆ టమాటా లారీ.