ఎర్ర బల్బు ఆరేదాకా

మా బావ కారులో స్టీరింగు వెనకాల ఒక చిన్న ఎర్ర బల్బు ఉండేది. ఇంజన్లో ఆయిలు సరిగ్గా పైకెక్కకపోతే అది వెలుగుతుంది. దాని సంగతి నాకు తెలిసింది ఒక మిరపకాయల కాలంలో, అద్దంకి ఇంకా రాకముందే, రోడ్డు పక్కన, మా అత్త తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పూట.

ఆమె నాకు మేనత్త. ఆమె కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్ళయ్యాక కూడా ఆయన్ని బావా అనే పిలిచాను. మేము దర్శిలో ఉండేవాళ్ళం. బావ ఒక పాత కారు కొని, పెదకాకాని గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి, కిరాయికి తిప్పేవాడు. ఇల్లంతా దాని మీదే నడిచేది.

ఆ ఏడు అత్తకి జబ్బు చేసి గుంటూరు ఆస్పత్రిలో చేర్చాం. ఒకరోజు పొద్దున డాక్టరుగారు బావని వరండాలోకి పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళండి, ఆమె ఏది అడిగితే అది పెట్టండి," అన్నారు. ఆ మాటకి అర్థం మాకు తెలుసు. మంచం మీదున్న అత్తకి కూడా తెలుసు.

ఆమె అడిగింది తిండి కాదు. మా మామ పొలంలో పాము కరిచి, ఊళ్ళోకి తెచ్చేలోపే బండిలో పోయాడు. పొలిమేర అవతల ప్రాణం పోయినవాళ్ళని ఇంట్లోకి తేవడం మా వాళ్ళలో లేదు. ఆయన్ని వీధిలోనే పడుకోబెట్టారు. పందిరి వేసేదాకా ఆయన మొహం మీద ఎండ పడుతుంటే అత్త కొంగు అడ్డం పట్టుకుని నిలబడిందట. అప్పటినుంచీ ఆమెది ఒకటే మాట. "నన్నట్టా వీధిలో పెట్టొద్దురా. ఊపిరుండగానే గడప దాటించండి."

అందుకని అప్పటికప్పుడు బయల్దేరాం. చిలకలూరిపేట దాటాం. రోడ్డుకి అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటు తగలకుండా అత్త ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టాను. ఉన్నట్టుండి బావ కారు పక్కకి తీసి ఆపేశాడు.

"ఏంట్రా, ఆపావు?" అంది అత్త కళ్ళు తెరవకుండానే.

"ఏం లేదమ్మా. కాస్త చల్లారనిద్దామని."

"నీ గొంతు నాకు తెలియదంట్రా? ఏమైంది దానికి?"

"ఎర్ర బల్బు వెలిగిందమ్మా."

బావ బానెట్ ఎత్తి ఆయిలు కొలిచే పుల్ల పైకి లాగి చూశాడు. ఆయిలు గీత దాకా ఉంది. మళ్ళీ తుడిచి మళ్ళీ ముంచి చూశాడు. అంతే ఉంది. ఉన్న ఆయిలు ఎందుకు ఎక్కట్లేదో అంతుబట్టక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

ఇంతలో పత్తి బేళ్ళ లారీ ఒకటి వచ్చి ఆగింది. తలకి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు దూకి, "ఏం అన్నా, పడకేసిందా బండి?" అని నవ్వబోయి, వెనక సీట్లో అత్తని చూసి గొంతు తగ్గించాడు. సంగతి విన్నాడు.

"ముందు బల్బు నిజం చెప్తందో అబద్ధం చెప్తందో చూద్దాం," అన్నాడు.

ఇంజన్ పక్కన ఆ బల్బుని వెలిగించే బొటనవేలంత స్విచ్ ఉంటుంది. దాని వైరు పీకారు. బల్బు ఆరిపోయింది. వైరు ఎక్కడో ఇనుముకి తగిలి ఉత్తుత్తినే వెలగడం లేదన్నమాట. అప్పుడా స్విచ్ కూడా విప్పేసి నన్ను తాళం తిప్పమన్నారు. అత్త తల కింద దిండు పెట్టి ముందుకి వెళ్ళి తిప్పాను. పంపు బాగుంటే ఆ బెజ్జంలోంచి ఆయిలు చిమ్ముతుందట. చిమ్మలేదు. వట్టిపోయే గేదె పాలిచ్చినట్టు బొట్టు బొట్టుగా కారింది.

"బల్బుది తప్పు లేదన్నా. కిందనే ఏదో అడ్డం పడింది," అన్నాడు లారీ ఆయన.

బావ మొహం మాడిపోయింది. "అద్దంకి దాటితే మా ఊరే. ఇట్టాగే తోలేస్తా. ఇంజన్ పోతే పోయింది."

"తోలు. నాలుగడుగులు పోయాక బిగుసుకుపోయి నిలబడిపోద్ది. అప్పుడు పెద్దామెని భుజానేసుకుని నడుస్తావా?"

లారీ ఎక్కిద్దామంటే ఆమె కూర్చోలేదు. బస్సులో పడుకోబెట్టలేం. బావ రోడ్డు కేసి చూస్తున్నాడు, ఇంకో కారేదైనా వస్తుందేమోనని. లోపల్నుంచి అత్త గొంతు వినబడింది.

"ఒరేయ్, అది నోరు తెరిచి చెప్తంటే వినవేంట్రా? మీ నాన్నా అంతే, ఎద్దు కుంటుతున్నా అదిలించేవాడు. విప్పు. నేను ఉంటాలే."

ఇంజన్ అడుగున ఆయిలు నిలవుండే తొట్టి విప్పాలి. పక్క కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఒకామె పరిగెత్తుకొచ్చి, ఆయిలు పట్టుకోవడానికి గంగాళం, కింద పరుచుకోవడానికి పట్టా ఇచ్చింది. ఆ పట్టా నిండా మిరపకారమే. కారు కిందకి దూరిన ఇద్దరూ తుమ్మడం మొదలుపెట్టారు.

"ఒంటి తుమ్మయితే అపశకునంరోయ్," అంది అత్త.

"ఒంటిదేంటి పెద్దమ్మా, ఇక్కడ సంతే జరుగుతంటే!" అన్నాడు లారీ ఆయన కింద నుంచి.

అత్త నవ్వింది. నవ్వు దగ్గయి, దగ్గు ఆయాసమైంది. ఆమె రొమ్ము మీద చెయ్యి వేసి, అది లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. నీళ్ళు పోస్తే ఒక గుటక దిగింది, రెండోది పెదవి పక్కనుంచి కారిపోయింది. కింద ఒక్కొక్క బోల్టూ ఊడి పట్టా మీద పడే చప్పుడు వినబడుతూనే ఉంది.

తొట్టి దిగింది. ఆయిలు పీల్చుకునే జల్లెడకి నల్లగా, మెత్తగా ఏదో ముద్ద పట్టుకుని ఉంది.

"పత్తన్నా ఇది! ఇంజన్లోకి పత్తెట్టా వచ్చింది?" అన్నాడు లారీ ఆయన.

బావ దాన్ని పీకి వేళ్ళతో నలిపి చూసి పోల్చుకున్నాడు. నాకూ తెలిసిపోయింది. దసరాకి ఆయిలు మార్చినప్పుడు పైన పోసే చోటి మూత ఎక్కడో పోయింది. కొత్తది దర్శిలో దొరకలేదు. ఈసారి గుంటూరు వెళ్ళినప్పుడు తెద్దామనుకోవడం, మరిచిపోవడం. మా ఇళ్ళల్లో దేనికి కన్నం పడ్డా దూదే కుక్కుతాం. అత్త ఇంట్లో పండిన పత్తి తీసుకుని, దీపం వత్తులు చేసినంత శ్రద్ధగా చుట్టి, పాత చీర ముక్క కప్పి బిరడా చేసి ఇచ్చింది. వేడికి ఆ గుడ్డ చివికి, లోపలి పత్తి పోగులు పోగులుగా జారిపోయింది.

బావ ఆ ముద్దని గుప్పిట్లో దాచుకుని లేచాడు.

"ఏం దొరికిందిరా?"

"చెత్తమ్మా."

"చూపించు."

తప్పక గుప్పిట విప్పాడు. అత్త రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని, కల్లంలో పత్తి పింజ చూసినట్టు లాగి చూసింది.

"మన చేలోదే. నేను చుట్టిందే," అంది. దాన్ని మళ్ళీ బావ చేతిలో పెట్టి, "నా దారికి నేనే అడ్డం పడ్డానురా," అంది.

"నువ్వు కాదమ్మా. మూత కొనని నేను."

"సరేలే. ఈ తగువు ఇంటికెళ్ళాక పెట్టుకుందాం. ముందు బిగించు."

లారీలోని కిరసనాయిలుతో జల్లెడ కడిగారు. గంగాళంలో ఆయిలు వడకట్టడానికి మెత్తటి గుడ్డ కావాలంటే అత్త తన సంచి వైపు వేలు చూపింది. ఆస్పత్రికి తెచ్చుకున్న చీరాల నేత చీర. చింపడానికి నాకు చెయ్యి రాలేదు. "చించవే, ఇంకెప్పుడు కట్టుకుంటాను," అంది. తొట్టి అంచున ఆయిలు కారకుండా వేసే అట్ట చిరిగితే దానికి సబ్బు మెత్తి బిగించారు. పైన బిరడాకి బదులు ట్యూబు ముక్క కప్పి తీగతో గట్టిగా కట్టాడు లారీ ఆయన.

బావ తాళం తిప్పాడు. ఇంజన్ మోగింది. బల్బు ఎర్రగా అట్టాగే ఉంది. మిరపకాయలామె కూడా కిటికీలోంచి తొంగిచూస్తోంది. ఆయిలు పైదాకా ఎక్కాలి కదా, అందుకే కాస్త సేపు పట్టింది. అప్పుడు ఆరిపోయింది.

ఎండ ఇంకా ఉండగానే మా వాకిట్లో దిగాం. బావ తల్లిని రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు. గడప దగ్గర ఆమె అతని చొక్కా పట్టుకుని ఆపి, కిందకి వంచమని, పసుపు గడపని చేత్తో తడిమి, "ఊఁ, పద," అంది.

ఆ రాత్రి గడిచింది. మర్నాడు పొద్దున నన్ను పిలిచి దూది తెమ్మంది. పడుకునే ఒక వత్తి చేసింది. ఎవరైనా పోతే తల దగ్గర దీపం పెడతాం కదా, దానికి. నేను ఏడుస్తుంటే, "ఇది గట్టిగానే చుట్టానులే, జారదు," అంది.

ఆ వారంలోనే, నడింట్లో, తన మంచం మీద పోయింది. ఆమె చేసిన వత్తే వెలిగించాం.

కర్మ అయ్యాక బావ గుంటూరు వెళ్ళి ఇనప మూత తెచ్చి బిగించాడు. తాళం తిప్పినప్పుడు ఆ ఎర్ర బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరుతుంది, అది మంచి బండికైనా మామూలే. ఎంత తొందరున్న బేరమైనా, ఎక్కినవాళ్ళు పోనియ్యవయ్యా అని కసురుకున్నా, అది ఆరేదాకా మా బావ గేరు వేసేవాడు కాదు.