చిన్నమ్మ దిగని నీళ్లు

ఆదివారం పొద్దున జనగామలో, ఆరాధనకు పోదామని చీర కట్టుకుంటుంటే ఫోన్ మోగింది. నర్సింహులపేట దగ్గరి ఊరి నుంచి చిన్నాయన. "బిడ్డా, మీ చిన్నమ్మ లేస్తలేదు" అన్నాడు. నేను సగం వింటూ, "ఒక్కనాడన్న పండుకోనియ్యి చిన్నాయినా, ఏం తొందర" అన్నాను. ఫోన్లో పక్కింటి ఆడవాళ్ల ఏడుపు వినిపించింది. మా అమ్మకు చెల్లెలు, నన్ను కన్నకూతురిలా చూసుకున్న మనిషి, నిద్రలోనే పోయిందని నాకు అలా తెలిసింది. గుండె ఆగిందన్నారు.

ఆమె గురించి గొప్పలు రాస్తే ముందు ఆమే ఒప్పుకోదు. ఎవరైనా "నువ్వు మంచిదానివి గాబట్టి దేవుడు నిన్ను దగ్గరికి తీసిండు" అంటే చాలు, గయ్యిమని లేచేది. "మంచిదాన్నని తీసుకోలే. తీసుకున్నంక జర మంచిగుంటున్న. గది గూడ అన్ని రోజులు కాదు, మా ఆయన్ను అడుగుండ్రి" అనేది. ఆ చివరి ముక్కకు చిన్నాయన పక్కనే ఉండి, "అవునవును" అని గట్టిగా తల ఊపేవాడు.

అమ్మా చిన్నమ్మా పుట్టింది చిట్యాల దిక్కు. దేవుడి పటాలు, పండుగలు, అన్నీ ఉన్న ఇల్లే. చిన్నమ్మకు పెళ్లయి ఐదారేళ్లయినా పిల్లలు కాలేదు. పుట్టింటికి వచ్చినప్పుడు పక్కింట్లో ప్రార్థన కూడిక జరుగుతుంటే పాటలు బాగున్నాయని పోయి గడపలో కూర్చుందట. అక్కడ చెప్పిన మాట ఒకటే ఆమెకు తగిలింది. మనం బాగుపడి దేవుడి దగ్గరికి పోవడం కాదు, మనం చెల్లించాల్సిందంతా ఆయన సిలువ మీద చెల్లించేశాడు, నమ్మి చేయి చాపితే చాలు అని. "ఉత్తగనే ఇస్తడా అని అడిగిన. ఉత్తగనే అన్నరు. నాకు నమ్మబుద్ధి కాలే, అందుకే పొద్దున మళ్ల పోయి అడిగిన" అని నవ్వుతూ చెప్పేది. ఆమె వెనకే మా అమ్మ, అమ్మ వెనకే నేను ఈ దారికొచ్చాం.

మా కూడికల్లో సాక్ష్యం చెప్పడం ఒక వాడుక. ఒకరికి జ్వరం తగ్గిందంటారు, ఒకరికి బోరు పడిందంటారు, ఒకరి కొడుక్కి నౌకరీ వచ్చిందంటారు. చిన్నమ్మ లేచి నిలబడితే అందరూ సర్దుకుని కూర్చునేవారు, ఎందుకంటే ఆమెది తొందరగా అయిపోయేది. "నాకు పిల్లలు కాలే. మోకాళ్ల నొప్పి తగ్గలే. నా పాపాలకు క్షమాపణ దొరికింది. గంతే" అని కూర్చునేది. నాకు ఎన్నో ప్రసంగాలు మరిచిపోయాయి కాని ఆ నాలుగు మాటలు మరపుకు రావు.

ప్రార్థన కూడా అలాగే, ఆర్భాటం లేకుండా. మిర్చి ఏరేటప్పుడు కళ్లు తెరుచుకునే ప్రార్థన చేసేది. కళ్లు మూసుకోవాలి కదా అని నేనంటే, "మూసి, తెరిచి, మర్చిపోయి మిర్చి చేతులతోని నలుపుకుంటే నువ్వొచ్చి ఊదుతవా?" అని కసిరేది. అత్తగారి కోసం నొసట బొట్టు ఉంచుకుంది. సంఘంలో కొందరు ఆడవాళ్లు మూతి ముడిచారు. "మా అత్త అడిగేది గదొక్కటే. దేవుడు నా నొసలు సూసి లోపలికి రానిస్తడా ఏంది?" అని వాళ్ల ముందే అంది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇక నన్ను ఇన్నేళ్లూ కాల్చుకు తిన్న సంగతికి వస్తాను. మా సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. నమ్మిన మనిషి నలుగురి ముందు నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకుంటారు. ఆ తర్వాతే నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె తింటారు, ద్రాక్షరసం తాగుతారు. ఆ రొట్టె కాల్చేది చిన్నమ్మే. ఆదివారం పొద్దున్నే పొయ్యి అలికి, పిండి తడిపి, పొంగకుండా పల్చగా కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి తీసుకొచ్చేది. పళ్లెం వరుసలో తన దాకా వస్తే రెండు చేతులతో అందుకుని పక్కామెకు ఇచ్చేసేది. నమ్మి ముప్పై ఏళ్లు కావస్తున్నా ఆమె నీళ్లలో దిగలేదు.

కారణం చిన్నాయన. ఆయన అడ్డుపడ్డాడని కాదు. ప్రతి ఆదివారం బండి మీద ఆమెను తీసుకొచ్చి, లోపలికి రాకుండా, కిటికీ పక్క గోడనీడన బండి మీదే కూర్చునేవాడు. ప్రసంగమంతా చెవిన పడేది. ఇంటికి పోయేటప్పుడు, "మీ పాస్టరయ్య ఇయ్యాల జర లాగిండు" అనో, "మంచిగ చెప్పిండు" అనో ఒక ముక్క అనేవాడు. చిన్నమ్మ ఆ ముక్కలన్నీ దాచుకునేది. ఏదో ఒక రోజు ఆయన కూడా నమ్ముతాడు, అప్పుడు ఇద్దరం కలిసి దిగుతాం అని ఆమె ఆశ.

నాకు ఒళ్లు మండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "నమ్మకం ఎవలది వాళ్లదే అని ఊరంత చెప్పుకుంట తిరుగుతవు. తల్లి నమ్మితే బిడ్డకు రాదు, మొగడు నమ్మితే పెండ్లానికి రాదంటవు. మరి నీ బాప్తిస్మానికి చిన్నాయిన ఎందుకే?"

చిన్నమ్మ కోపం తెచ్చుకోలేదు. "నమ్ముడు నాదే బిడ్డా, గది ఎప్పుడో అయిపోయింది. నీళ్లల్ల మునిగితే రక్షణ వస్తదా ఏంది? పెండ్లయినంక ఊరికి బువ్వ పెడుతరు సూడు, గిది గట్లాంటిది. గా బంతిల మీ చిన్నాయిన లేకుంటే నాకు బువ్వ దిగుతదా?"

అయినా నా కోపం పోలేదు. ఆమెను వదిలి ఆయన మీద పడ్డాను. కల్లంలో మిర్చి ఆరబోస్తుంటే పోయి, "ఆమెను ఇంకెన్నేండ్లు ఆపుతవు?" అన్నాను.

"నేనాపుతున్ననా? ఆమెనే ఆగుతుంది" అన్నాడు. కాసేపు పార ఆడించి, తలెత్తకుండానే అసలు మాట చెప్పాడు. "నేను మునిగితే పెత్రమాసకు మా నాయినకు బియ్యం ఎవలిస్తరు? ఇంటికి పెద్దకొడుకును. మునిగినంక ఇయ్యొద్దంటరు గదా మీరు. అవ్వ ఇంక బతికే ఉన్నది, ఆమె కండ్ల ముందట మా నాయినను ఉపాసం ఉంచాల్నా?"

పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి పంతులుకు బియ్యం, కూరగాయలు ఇస్తారు, ఇంట్లో పెద్దలకు ఇష్టమైనవి వండి పెడతారు. ఆయన బాధ నాకు అర్థం కాలేదని అబద్ధం చెప్పను. తండ్రి మీద ప్రేమే అది. పెత్రమాస నాడు వంట కూడా చిన్నమ్మే చేసేది. మామకు ఇష్టమని గారెలు వేసి, చిన్నాయన పిలిచిన వాళ్లందరికీ వడ్డించి, పెద్దలకు పెట్టింది మా నమ్మకంలో తినం గనక తను మాత్రం పచ్చడి మెతుకులు తినేది. నెలకోసారి ఆ రొట్టె, ఏడాదికోసారి ఈ వంట. రెండూ ఆమె చేతి మీదే జరిగాయి, రెండింట్లో ఒక్కటీ ఆమె తినలేదు.

కొన్నేళ్లకు ఆ అవ్వ, అంటే చిన్నమ్మ అత్తగారు, కూడా పోయింది. ఇక అడ్డం ఏముంది అనుకున్నాను. చిన్నాయన, "ఇప్పుడు ఇద్దరికియ్యాలె బిడ్డా" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిన్నమ్మ మాత్రం, "ఆగుదాం తియ్యి" అంది.

ఈ ఎండాకాలంలో ఏమైందో ఏమో, ఆమే నోరు తెరిచింది. "ఏమయ్యా, నేనొక్కదాన్నే దిగుదామనుకుంటున్న" అని అడిగిందట. ఆయన వెంటనే, "దిగు. గట్టు మీద తువ్వాల పట్టుకొని నేను నిలబడుత" అన్నాడట. ఆ మధ్యాహ్నమే నాకు ఫోన్ చేసింది. అంత సంబురం ఆమె గొంతులో నేనెప్పుడూ వినలేదు. "తువ్వాల పడుతడట బిడ్డా! కొత్తది కొనాల్నట!"

కాని ఊరి చెరువులో నీళ్లు లేవు. బురద కూడా ఎండి పర్రెలు పట్టింది. నేను జనగామ రమ్మన్నాను. మా మందిరంలో సిమెంటు తొట్టి ఉంది, ఏ ఆదివారమైనా అయిపోతుంది. వద్దంది. "నా ఊరోళ్లు సూడాలె. మా అత్తగారి వాడకట్టంత సూడంగ దిగాలె. తెల్వనోళ్ల నడుమ తొట్టిల మునిగితే అది సాక్ష్యమెట్లయితది? ఇన్నేండ్లు ఆగిన, ఒక్క వానకు ఆగలేనా?"

ఈసారి వానలు ఆలస్యమయ్యాయి. పెట్టిన పత్తి గింజలు మొలవక జనం ఆకాశం చూస్తూ కూర్చున్నారు. చిన్నమ్మ రోజూ ఫోన్ చేసి మబ్బుల కబురు చెప్పేది. ఒకరోజు నాలుగు చుక్కలు పడ్డాయంది, ఇంకోరోజు ఉరుములే ఉరిమాయంది. ఆ తర్వాత వచ్చిన ఫోనే చిన్నాయనది.

సమాధి దగ్గర సంఘం పెద్ద ఒకాయన, "బాప్తిస్మం లేని మనిషిని మన సమాధులల్ల ఎట్ల పెడుతం?" అని గొణిగాడు. పాస్టరయ్య ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజు పెంచాడు. "సిలువ మీద ప్రభువు పక్కన దొంగను ఏ చెర్ల ముంచిండ్రయ్యా?" అన్నాడు. తవ్వే వాళ్లు మళ్లీ తవ్వడం మొదలుపెట్టారు.

రెండు వారాలకు వాన దంచికొట్టింది. చెరువు నిండి, నీళ్లు మత్తడి దాటి దుంకాయి. అందరూ సంతోషంగా ఫోటోలు పంపుకుంటుంటే నేను ఇంట్లో తలుపేసుకుని దేవుడితో పోట్లాడాను. రెండు వారాల ముందు నీ చేయి పడిపోయిందా అని అడిగాను. నేను నమ్మేదాన్నే, అయినా అడిగాను. ఇప్పటికీ జవాబు రాలేదు.

చిన్నమ్మ కోసం పెట్టిన ఆదరణ కూడిక నాడు చిన్నాయన మొదటిసారి మందిరం లోపలికి వచ్చాడు. అంతా అయ్యాక పాస్టరయ్య దగ్గరికి పోయి, "చెర్ల నీళ్లొచ్చినయి. నన్ను ముంచుండ్రి, ఆమెకు బదులు" అన్నాడు.

పాస్టరయ్య ఆయన చేతులు పట్టుకున్నాడు. "నువ్వు నమ్మినవా, పెద్దాయనా?"

"నాకు తెల్వది. ఆమె నమ్మింది. ఆమెకు బదులు మునుగుత."

"గట్ల బదులు మునుగుడు లేదు. ఎవలది వాళ్లదే."

చిన్నాయన కళ్లు ఎర్రబడ్డాయి. "గా కిటికీ కాడ కూసొని ఇన్నేండ్ల సంది ఇంటున్న. ఆయన మనకు బదులు సచ్చిండు, మనకు బదులు సచ్చిండు అని ఒక్కటే మాట చెప్తిరి. ఆయనకు చెల్లింది నాకెందుకు చెల్లది?"

పాస్టరయ్య కూడా ఏడుస్తూనే చెప్పాడు. "ఆయనొక్కడికే చెల్లుతది. మనం ఎవలం ఎవలికి బదులు కాలేం. నేను గిట్ల ముంచితే రేపు పరలోకంల మీ ఇంటామె నాతోని మాట్లాడదు." చిన్నాయన చేతులు విడిపించుకుని బయటికి పోయాడు. ఆయన ఇక ఆ వైపు రాడనే అనుకున్నాం.

మొన్న పెత్రమాసకు, ఒక్కడినే ఉన్న, జర రమ్మని చిన్నాయన పిలిస్తే పోయాను. బియ్యం, గుమ్మడికాయ, చింతపండు పళ్లెంలో సర్దుకుని తన తమ్ముడితో కలిసి గుడి దగ్గరికి నడిచాడు. నేను వెనక నిలబడ్డాను. పంతులు పేర్లడిగాడు. చిన్నాయన తన తండ్రి పేరు చెప్పాడు, తల్లి పేరు చెప్పాడు. పళ్లెం ఒంచి బియ్యమంతా పోసేశాడు.

"వదినె పేరు చెప్పన్నా. ఈ ఏడే పెద్దలల్ల కలపాలె" అని తమ్ముడు మెల్లగా అందించాడు.

"ఆమెకొద్దు."

"గట్లంటే ఎట్ల? ఆకలిగొంటది."

"గొనది. ఆమెకు కావాల్సిందంత ఇచ్చినోడు ఉన్నడు. మనం ఇచ్చేది ఏం మిగల్లే."

తమ్ముడు విసుక్కున్నాడు. "గది వదినె మాట. నువ్వేమంటున్నవో చెప్పు."

చిన్నాయన ఆలోచించాడు. పంతులు కూడా చేయి ఆపి చూస్తున్నాడు.

"నేనే అంటున్న" అన్నాడు.

ఆ రెండు మాటల కోసమే చిన్నమ్మ అన్నేళ్లు ఎండిన నోటితో కాచుకుని కూర్చుంది. ఒక్క మూడు నెలలు ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేది! పంతులు తర్వాతి మనిషిని పిలిచాడు. తమ్ముడు చెప్పులేసుకుని నడిచాడు. చిన్నాయన మాత్రం ఖాళీ పళ్లెం పట్టుకుని ఎండలో నిలబడే ఉన్నాడు, ఇంటికి పోయి ఈ సంగతి ఎవరికి చెప్పాలో తెలియని మనిషిలా.