వెనక సీట్లో కూర్చున్న మెకానిక్

జడ్చర్లలో ఒక మెకానిక్ ఉండేవాడు. ఏ బండి వచ్చినా ముందుగా బానెట్ ఎత్తడు. ఇబ్బంది పడ్డ మనిషి ఎక్కడ కూర్చుంటారో అడిగి, తానూ అక్కడే కాసేపు కూర్చుంటాడు.

ఆ ఏడాది నా భార్యకు తరచూ తల తిరిగేది. ఆ రోజులన్నీ డైరీలో రాసి డాక్టర్లకు చూపించాను. పరీక్షల్లో ఏమీ తేలలేదు. పెద్ద జబ్బేనని నాకు భయం. ఒకరోజు దవాఖాన నుంచి వస్తూ, పాత కారు చప్పుడు పెరిగిందని అతని దగ్గర ఆపాను. ఆమె నీరసంగా బల్ల మీద కూలబడింది.

"అమ్మ యాడ కూసుంటది సార్?"

"వెనక పండుకుంటది. దుమ్ము పడదని అద్దాలు మూస్త."

అతను వెనక సీట్లో ఒరిగి, అద్దాలు మూసి, ఇంజన్ నడపమన్నాడు. కాసేపటికి దగ్గుతూ దిగాడు. పొగ ఎక్కడ కారుతోందో తెలియాలని సైలెన్సర్ మూతికి తడిగుడ్డ అడ్డం పెట్టి, కారు కిందికి దూరి చెవి పెట్టాడు. వెనక సీటు కింద గొట్టం అతుకు బుస్సుమంటోంది. దాని పైనే, కారు అడుగు రేకుకు తుప్పు తిన్న చిల్లు.

"పొగంతా లోపలికే వస్తాంది సార్. దుమ్ముకు భయపడి విషం తాపిస్తున్నరు!"

"అద్దం దించుమంటె ఈయన కసురుతడు బిడ్డా," అంది ఆమె.

నేను డైరీ తిప్పాను. తల తిరిగిన రోజులన్నీ ఆ కారులో ప్రయాణం చేసిన రోజులే.

అతను అతుకు వెల్డింగ్ చేసి, చిల్లు మూశాడు. "ఇంకో నెల గిట్లనే తిరిగితే ఏమయ్యేది?" అని అడిగాను.

"గది అడగకుండ్రి సార్," అన్నాడు మెల్లగా, ఆమెకు వినబడకుండా.