సైన్ అవుట్ నొక్కడానికి చోడవరం దాకా

ఎగుమతి అనే మాటలో మతి ఉంది గానీ, ఆ పని చేసేవాడికి ఉండాలన్న నియమం లేదు. నన్ను సాఫ్ట్‌వేర్ మనిషంటారు. అందులో మెత్తదనం ఒక్కటే నాది. చోడవరంలో ఒక చర్చి వాళ్ళు నడిపే చిన్న కంటి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. డేటాబేస్‌లోని రోగుల వివరాలు స్ప్రెడ్‌షీట్‌లోకి ఎగుమతి చేయబోతే లైసెన్సు లేదంటోందట. ఫోన్‌లో చెప్పి చూశాను, కుదరలేదు. మర్నాడు ఉదయం ఏడున్నరకి విశాఖ కాంప్లెక్స్‌లో బస్సెక్కాను.

సబ్బవరంలో అప్పాయమ్మ అనే మామ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. "ఆ సంచిలో ఏటి బాబూ?" అంది. ల్యాప్‌టాప్ అనీ, కంటాసుపత్రి కంప్యూటర్ బాగుచేయడానికి వెళ్తున్నాననీ చెప్పాను.

"అయితే నువ్వు బేగి ఎల్లాలి. అక్కడే నా కుడి కన్ను ఆపరేషనుకి పేరు రాసేరు. ఇయ్యాల మజ్జాన్నంలోగా పేర్లు పట్నం ఆసుపత్రికి ఎల్లకపోతే వచ్చే నెలంట."

"డ్రైవరుకి చెప్పు మామ్మా."

"ఆడేటి సేస్తాడు, ముందర సెరుకు ట్రాక్టరుంటే."

ఆ ట్రాక్టర్ వెనకే నడక వేగంతో చోడవరం చేరాం. ఇద్దరం ఇడ్లీ తిని, ఆటోలో ఆసుపత్రికి వెళ్ళేసరికి పది దాటింది.

కంప్యూటర్ దగ్గర, నిన్న ఫోన్ చేసిన సలోమి గారున్నారు. ఆమె భర్త ప్రభుదాసు గారు అక్కడే ఆపరేటరు. ఆయన పోయాక ఉద్యోగం ఈమెకిచ్చారు. ఆయన ఖాతా మీదున్న లైసెన్సుకి మొన్న గడువు తీరితే, ఈమె ఖాతా మీద కొత్తది కొన్నారు. కానీ స్ప్రెడ్‌షీట్‌లో పాత ఖాతాయే లేవకుండా కూర్చుని, వచ్చిన వివరాలను గుమ్మంలోనే ఆపేస్తోంది.

"పాత ఖాతా సైన్ అవుట్ చేశానన్నారు కదండీ ఫోన్‌లో?"

"అబద్ధం సెప్పేను బాబూ. తెరిస్తే పైన మూల ఆయన పేరొస్తాది. పొద్దున్నే గుడ్మార్నింగ్ సెప్తాను. నా సేత్తో ఎలా తీసెయ్యమంటారు?"

నాకు చాలా ఎర్రర్లకి మందు తెలుసు. దీనికి తెలియదు. మౌస్ ముట్టుకోకుండా కూర్చున్నాను.

గుమ్మంలోంచి అప్పాయమ్మ కేకేసింది. "ఒసే పిల్లా, నా పేరు ఎల్లిందా?"

సలోమి గారు తెరవైపే చూస్తూ, "ఆయనుంటే ముందు మామ్మ కన్ను సూడమనేవోరు," అని తనే నొక్కారు. మూలనున్న పేరు పోయింది. ఆమె ఖాతాతో తెరిచి ఎగుమతి మీట నొక్కితే వరసలన్నీ నిండాయి. పదకొండున్నరకి పేర్లు పట్నం వెళ్ళాయి.

"ఎల్లింది మామ్మా, ఇదిగో సూడు."

"సూడ్డానికే గదే ఆపరేషను," అంది అప్పాయమ్మ.

మాడుగుల హల్వా పొట్లం చేతిలో పెట్టి నన్ను సాగనంపారు. మూడింటి బస్సులో కిటికీ సీటు దొరికింది. తెరుచుకుంటుందో లేదోనని బయల్దేరే ముందు సలోమి గారి చేత సేవ్ చేయించి నాకు పంపించుకున్న ఖాళీ షీటు ఫోన్‌లో తెరిచాను. ఆ నమూనా ప్రభుదాసు గారు తయారుచేసిందే. ఫైలు వివరాల్లో ఇలా ఉంది: రచయిత, ప్రభుదాసు. చివరగా మార్చినవారు, సలోమి.

సలోమి గారికి ఫోన్ చేసి, అదెక్కడ చూడాలో చెప్పాను. కాసేపు మౌస్ చప్పుడు వినిపించింది. తరవాత ఆమె నెమ్మదిగా, "ఇద్దరం ఒక్కసోటే ఉన్నాం బాబూ," అన్నారు.

చోడవరం వెళ్ళేవారు సబ్బవరం దారినే వెళ్ళండి. పొలాలు కన్నులపండుగగా ఉంటాయి. తిరుగు ప్రయాణంలో ఆ కన్నులే కాస్త మసకేస్తే కంగారుపడకండి. దానికి ఆపరేషన్ అక్కర్లేదు.