గోడకు చిల్లు పడకూడదు

పోయిన శుక్రవారం జిదాఫ్స్ బజారులో చెప్పులు కొనుక్కుందామని వెళ్లి, పక్క దుకాణం ముందు ఊరికే ఆగిపోయాను. అక్కడ గోడకు వేలాడదీసుకునే గుడ్డ సంచులు అమ్ముతున్నారు. ఒకే గుడ్డకు పైనుంచి కిందిదాకా పన్నెండు జేబులు, వాటితోపాటు వెనక జిగురున్న కొక్కేలు నాలుగు. హాస్టళ్లలో, క్యాంపుల్లో ఉండేవాళ్ల కోసమే తయారుచేశారట, మేకు అక్కర్లేదట, పీకేస్తే గోడమీద మచ్చ కూడా మిగలదట. నాకు నమ్మకం కుదరలేదని కనిపెట్టి దుకాణదారు ఒక కొక్కేన్ని గోడకు అదిమి, దానికి నీళ్ల సీసా తగిలించి చూపించాడు. అది పడలేదు. పడనందుకు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నేళ్లకా మీకు ఇది తోచింది అని ఆ మనిషిని నిలదీయబోయి, అతనికేం సంబంధమని నాకు నేనే చెప్పుకుని, చెప్పులు కూడా కొనకుండా బస్సెక్కాను.

నా ఈడువాళ్లకు, ముఖ్యంగా సల్మాబాద్ కూలీల క్యాంపుల్లో ఇనుప మంచాలమీద వయసు వెళ్లదీసినవాళ్లకు, ఈ కోపం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. పదిహేడేళ్ల కిందట నేనూ మా బావా ఒకే గదిలో ఉండేవాళ్లం. బావ అంటే మా అక్క భర్త. అప్పటికే ఇక్కడ పాతకాపు, ఒకసారి లీవుకు వచ్చి తిరిగి వెళ్తూ నన్ను వెంటబెట్టుకొచ్చినవాడు. గదికి ఎనిమిదిమందిమి. మనిషికి సొంతమని చెప్పుకోవడానికి ఒక పరుపు, ఆ పరుపు పక్కన ఒక గోడముక్క. ఆ గోడముక్కకు మేకు కొట్టకూడదు. భవనం అద్దెది కాబట్టి చిల్లు కనిపిస్తే యజమాని క్యాంపు బాసును పట్టుకుంటాడు, క్యాంపు బాసు మమ్మల్ని పట్టుకుంటాడు. మేమేమో షట్టరింగ్ కార్పెంటర్లం, అంటే కాంక్రీటు పోసే ముందు చెక్కలు బిగించేవాళ్లం. కర్జకాన్ వైపు ఎవరెవరి మేడలకో పొద్దంతా మేకులు దిగగొట్టి, సాయంత్రం గదికొచ్చి, తడి తువ్వాలు ఎక్కడ తగిలించుకోవాలో తెలియక మెడలో వేసుకుని కూర్చునేవాళ్లం. ఇందులో నవ్వదగింది ఏదో ఉందని మాకు అప్పుడే తెలుసు, కానీ ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

మా గదిలోకి జేబుల గుడ్డ వచ్చింది అక్క చేతిమీదుగా. దువ్వెన దొరకదు, మందుబిళ్లలు దొరకవు, పడుకుంటే వీపుకింద గడ్డం కత్తి గుచ్చుకుంటుందని బావ ఫోనులో మొత్తుకుంటే, అక్క తన పాత చీరను నాలుగు మడతలు వేసి, ఎనిమిది జేబులు కుట్టి, లీవు అయిపోయి తిరిగి వస్తున్న మా ఊరి మనిషితో పంపించింది. ఒక జేబులో కొడుకు ఫోటో పెట్టింది. ఆ కొడుకును బావ అప్పటికి ఇంకా చూడలేదు. అక్కకు ఐదో నెల ఉండగా మేం విమానమెక్కాం. గుడ్డ వచ్చేనాటికి పిల్లవాడికి రెండేళ్లు నిండి మూడో ఏడు నడుస్తోంది.

మా వైపు పుట్టువెంట్రుకలు బేసి ఏటనే తీస్తారు. మొదటి ఏడు తండ్రీ మేనమామా ఇద్దరూ ఊళ్లో లేరని ఆపారు, రెండో ఏడు పనికిరాదు, మూడో ఏడు తప్పితే మళ్లీ ఐదో ఏడే. అప్పటికే పిల్లవాడి జుట్టు నడుముదాకా పెరిగి అట్టలు కట్టిందని, ఎండాకాలం తలంతా పొక్కులేనని అక్క ఫోనులో ఏడ్చేది. తీసేటప్పుడు మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి, మొదటి మూడు కత్తెరలు మేనమామే వేయాలి. అందుకని నేనూ బావా కలిసి లీవు పెట్టుకున్నాం, ఇద్దరికీ మంజూరైంది. బావ రోజూ ఆ ఫోటో తీసి, జుట్టు తీస్తే వీడు ఎవరి పోలికలో తేలతాడో అని నన్ను అడిగేవాడు.

ఆ గుడ్డను నిలబెట్టడానికి మేం పడ్డ తిప్పలు ఇప్పుడు తలుచుకుంటే కథలా ఉంటుంది. మొదట రెండువైపులా అంటుకునే టేపు వేస్తే ఆగస్టు ఉక్కకు తడిసి ఊడిపోయింది. కిటికీ గ్రిల్లునుంచి ఏసీ చట్రందాకా తాడు కడితే, తాడు కనిపించిందే చాలని గదంతా లుంగీలు ఆరేసింది. సైటునుంచి టైల్స్ అతికించే జిగురు డబ్బాలో పోసుకొచ్చి పూస్తే, అది గుడ్డను విడవక గోడ రంగును పెచ్చుతో సహా ఊడదీసుకొచ్చింది. ఆ మచ్చమీద తెల్లసిమెంటు పూసి, మా వీసాలు చేతిలో ఉన్న యజమాని, కఫీల్ కంట పడకుండా చూడమని ఎవరి దేవుడికి వాళ్లం మొక్కుకున్నాం. చివరికి ఒకరోజు గుడ్డ మొత్తం జారి పప్పు గిన్నెలో పడింది. బావ ఫోటో బయటికి తీసి బనీనుతో తుడిచాడు. మరక పిల్లవాడి ముఖంమీదే ఉండిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. ఏదైనా అనే మనిషే అయితే నేను ఆ తర్వాతి పని చేసేవాణ్ణి కాదేమో.

మర్నాడు సాయంత్రం బావ ఓవర్‌టైంకు ఉండిపోయాడు. నేను సైటునుంచి జేబులో వేసుకొచ్చిన నాలుగంగుళాల మేకును ఆయన మంచం పైన గోడకు కొట్టాను. నా చెయ్యి చెక్కకూ కాంక్రీటుకూ అలవాటైన చెయ్యి, మెల్లగా కొట్టడం దానికి తెలియదు. రెండు దెబ్బలకే మేకు తల మాత్రం మిగిలింది. ఎంత సులువుగా దిగిందని మురిసిపోయానే తప్ప, అది సిమెంటు గోడ కాదని, రెండు గదుల మధ్య నిలబెట్టిన పలచని అట్టగోడని, రెండున్నరేళ్లు దానికి వీపు ఆనించి కూర్చున్న నాకు తట్టలేదు. పక్కగది మనిషి డ్యూటీనుంచి వచ్చి పడుకోబోతే, తన దిండుకు జానెడు పైన ఇనుప మొన బయటికి వచ్చి ఉంది. అతను వెళ్లి చెప్పాడు. అతని తప్పేమీ లేదు, నేనైనా చెప్పేవాణ్ణే.

పొద్దున్నే క్యాంపు బాసు వచ్చి ఎనిమిదిమందినీ నిలబెట్టాడు. మంచం ఎవరిదని అడగలేదు, అది అతనికి కాగితంమీద కనిపిస్తూనే ఉంది. మేకు ఎవరు కొట్టారని అడిగాడు. బావ మేకు వంక చూశాడు. రెండు దెబ్బల్లో దించిన మేకు అది, ఎవరి దెబ్బో ఆయనకు తెలియకపోదు. తర్వాత నావైపు ఒకసారి చూసి, నేనే కొట్టానని హిందీలో చెప్పాడు. క్యాంపు బాసు కాగితంమీద ఆయన పేరు దగ్గర గీత గీసి, నీ లీవు ఖలాస్, ఏడాదిదాకా అడగొద్దు అన్నాడు. గీత గీసి, కలం మూసి, గుమ్మందాకా నడిచి వెళ్లడానికి అతనికి పట్టిన సమయమంతా నాదే. ఆ సమయంలో నేను నోరు తెరవలేదు.

తర్వాత నల్లా దగ్గర బావతో, వెళ్లి నిజం చెప్పేస్తానన్నాను. ఇన్నేళ్లకు దాచుకుని ప్రయోజనమేముంది, ఆయన ఆపుతాడనే అన్నాను.

"నువ్వు పోవాలె బామ్మర్ది," అన్నాడు. "నీ ఒళ్లె కూసోకుంటె పోరని ఎంటికలు తియ్యరు. నేనుంటె ఎంత, లేకుంటె ఎంత."

శాస్త్రమూ అలాగే ఉంది కదా అని నేను సర్దుకున్నాను. మేనమామ లేనిది జరగదు, తండ్రి లేకున్నా జరుగుతుంది. ఈ లెక్క చెప్పుకునే సామాన్ కట్టుకున్నాను.

ఊళ్లో దిగేసరికి, దుబాయినుంచి మీ బాపు వస్తున్నాడని నెలరోజులుగా పిల్లవాడికి నూరిపోసి ఉంచారు. మా ఊళ్లో ఏ అరబ్బు దేశమైనా దుబాయే. వచ్చేది బాపు కాదు మామ అని మార్చి చెప్పడం ఎవరికీ గుర్తులేదు. వాకిట్లో ఆటో ఆగగానే వాడు పరుగెత్తుకొచ్చి నా మోకాళ్లు చుట్టేసుకుని బాపూ అన్నాడు. అక్క నవ్వబోయి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. మామ అనమని ఎంత చెప్పినా వాడు వినలేదు; కత్తెర చూసి బెదిరి, నా ఒడిలో నా చొక్కా పట్టుకుని బాపూ బాపూ అనే ఏడ్చాడు. ఆ సాయంత్రం బావ ఫోను చేసి, వెంట్రుకలు తీస్తుంటే ఏడ్చాడా అని అడిగాడు. లేదన్నాను. ఎవరి పోలిక అని అడిగితే, అచ్చం నీ పోలికే అన్నాను. అది మాత్రం నిజం.

బావ ఏడాది తర్వాత వెళ్తే పిల్లవాడు అక్క చాటునుంచి రాలేదట, ఈ దుబాయాయన మనింట్ల ఎందుకు పండుకుంటుండని అడిగాడట. ఆ నెలరోజుల లీవులో ఏం అతుకుతుంది? చదువైనా, బండి కొనడమైనా, వాడు ఈనాటికీ సలహాకు నాకే ఫోను చేస్తాడు. బావ పూర్తిగా ఊరికి వెళ్లిపోయి నాలుగేళ్లయింది.

కాలం మారింది, కాదనను. ఇప్పుడు ఊళ్లో పిల్లలు పుట్టిన గంటకే మా క్యాంపులో తండ్రులు ఫోనులో ముఖం చూస్తున్నారు. మొన్న మా గదిలో ఒకతను మంచంమీద పడుకునే కూతురి పుట్టువెంట్రుకలు మొదటినుంచి చివరిదాకా చూశాడు. లీవు చీటీ కూడా ఫోనులోనే. ఇవన్నీ చూసి సంతోషించాల్సినవాణ్ణి, నాకు మాత్రం కడుపులో మండుతుంది. మాకు రావలసినవి మా తర్వాతివాళ్లకు వచ్చాయి, అంతే.

కిందటి నెల మేనల్లుడు వీడియో కాల్ చేశాడు. కాలేజీ హాస్టల్లో చేరుతున్నాడట, అక్కడ గోడలకు మేకులు కొట్టనివ్వరట, మామా ఏం చెయ్యాలె అని అడిగాడు. వెనకనుంచి అక్క అందుకుంది.

"మీ బాపునడుగురా, గోడకు మొల కొట్టి కొడుకును పోగొట్టుకున్నోడు."

మేనల్లుడు పకపకా నవ్వాడు. పక్కనే కూర్చున్న బావ కూడా, అది ఇంట్లో ఎప్పుడూ ఉండే మాటే అన్నట్టు, తల వంచుకుని నవ్వాడు. నావైపు చూడలేదు. నేనూ నవ్వాను.